ఆంగ్లభాషకు తీర్పరి యెవరు?

"ప్రీపోన్" అను మాట వినినతోడనే నవ్వు పండితులు మనలో నింకను గలరు. పోస్టుపోన్ అనగా వాయిదా వేయుట. దానికి ప్రతిగా, నిర్ణయమైన దినమును ముందునకు జరుపుటను మనవారు ప్రీపోన్ అనుచున్నారు. ఇది భారతీయుల తప్పుడు ఇంగ్లీషనియు, ఇంగ్లండులో చెల్లదనియు వీరి యాక్షేపణ. దీనిని మేము సమ్మతింపజాలము.

ఈ మాట యిప్పటి యర్థముతోనే 1913లో న్యూయార్కు టైమ్సు పత్రికకు వచ్చిన యొక లేఖలో గలదు. ముఖ్యముగా న్యాయవాదుల మేలుకొఱకు దీనిని సృజించుచున్నానని యా లేఖకుడే చెప్పెను. (వాయిదాలమీద బ్రదుకు మా వృత్తివారికి దీని యవసరము తోపకపోవుట వేఱు సంగతి.) అర్థము స్పష్టము, నిర్మాణము సక్రమము. ఆక్సుఫర్డు నిఘంటువే చోటిచ్చినది. ఇంకేమి కావలయును?

వేఱొకటి చూడుడు. తమకు లేశమైనను లక్ష్యము లేదనుటకు ఇంగ్లీషువారు "కుడ్ నాట్ కేర్ లెస్" అందురు. అమెరికాలో పెక్కుమంది "నాట్" అను నిషేధమును జారవిడిచి "కుడ్ కేర్ లెస్" అనుచున్నారు. ఇంకను తక్కువ లక్ష్యపెట్టగలనన్నచో కొంత లక్ష్య మున్నదనియే కదా! అర్థము తలక్రిందైనను నిఘంటువులు దానిని జాతీయముగా నమోదు చేసినవి. మన పండితులు దానికి నవ్వరు. అర్థము చెడిన పలుకు పుట్టినింటివారిదైనచో జాతీయము. అర్థము చెడని పలుకు మనదైనచో అపశబ్దము! ఇది యే న్యాయస్థానపు ధర్మము?

వాడుక కధికారము లేదనువారికి స్విఫ్టు కథ చాలును. "మాబ్" అను మాటను అరికట్టుటకు తాను ఏండ్లతరబడి పాటుపడితిననియు, జనసంఖ్యముం దోడిపోతిననియు 1710లో ఆయనయే వాపోయెను. నేడా మాటను తప్పనువా డెవడు?

అట్లని వాడుకలోనికి వచ్చినదెల్ల సాధువని మేమనము. "డిసింటరెస్టెడ్" అనగా స్వలాభాపేక్ష లేనివాడు, నిష్పక్షపాతి. "అనింటరెస్టెడ్" అనగా ఆసక్తి లేనివాడు. రెండవదాని యర్థమున మొదటిదానిని వాడువారు పెక్కుమంది. పదునేడవ శతాబ్దిలో జాన్ డన్ కవియు నట్లే వాడెనని చెప్పుదురు, నిజమే. కాని కక్షిదారునకు నిష్పక్షపాతియగు న్యాయాధిపతి కావలయును గాని, వాదము వినుచు కునుకుపాట్లు పడువాడు గాదు. రెంటికిని ఒకటే మాట మిగిలినచో ఆ కక్షిదారుడు తన కోరికను ఏ మాటతో చెప్పుకొనును? ప్రీపోన్ లేని భేదమును కల్పించినది. ఇది యున్న భేదమును చెఱుపుచున్నది. ప్రీపోన్‌ను చూచి నవ్వువారి వ్రాతలలోనే యీ రెండవ దోషము మాకు తఱచుగా కానవచ్చుచున్నది.