వాడ నుంచి – 9: రెండు లైన్ల ఉత్తరం

నా పేరు ముందు డాక్టరు అని ఉంటది. తెలుగు సాహిత్యంలో పీహెచ్‌డీ. మాచవరంలో, మా వాడలో ఆ తేడా ఎవరికీ పట్టదు. "డాక్టరయ్యా, ఈ కాయితంలో ఏం రాశారో చూడు" అంటూ స్కానింగులు, డిశ్చార్జి షీట్లు తెచ్చి చేతిలో పెడతారు. ఏళ్ల తరబడి చదువుతున్నా. ఇంత నిర్లక్ష్యపు వచనం మన సాహిత్యంలో ఎక్కడా చూడలేదు.

2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైంది. తర్వాత ఎన్టీఆర్ వైద్య సేవ, మళ్లీ వైఎస్సార్ ఆరోగ్యశ్రీ, మళ్లీ ఎన్టీఆర్ వైద్య సేవ. బోర్డుల మీది పేర్లే మారాయి. లోపల పద్ధతి మాత్రం అదే. ఆపరేషన్ ఎందుకు అవసరమో ఆసుపత్రి డాక్టరు రాసి, రిపోర్టులు జోడించి ఆన్‌లైన్లో పంపాలి. అటు కూర్చున్న డాక్టర్లు అనుమతి ఇస్తారు, లేదంటే ప్రశ్న వేసి తిప్పి పంపుతారు. అంటే మన మనిషి ప్రాణం ఒక చిన్న వ్యాసం మీద ఆధారపడి ఉంటుంది. అది మనం రాయం, మనకు చూపించరు, మన భాషలో ఉండదు.

మా అత్త ఒకామె మిరపకోతల కూలి. గుండె కవాటం బిగుసుకుపోయింది. ఒక ప్రైవేటు ఆసుపత్రి రెండు లైన్లు రాసి పంపింది: ఆయాసం ఉంది, కవాటం మార్చాలి. ఎంత బిగుసుకుంది, ఏ మందులు ఎంతకాలం వాడారు, నాలుగడుగులు వేస్తే ఏమవుతోంది, ఆలస్యమైతే ఏం జరుగుద్ది, ఒక్క ముక్క లేదు. కాగితం తిరిగొచ్చింది. "మీకు రాలేదమ్మా" అన్నారు కౌంటర్లో. రాయనిది వాళ్లు, రానిది ఆమెకి! ఇంకో ఊళ్లో ఒక డాక్టరమ్మ పేజీన్నర రాసింది. అనుమతి వచ్చింది. అదే గుండె, అదే కార్డు.

ఇందులో కులమేంటి అంటారా? అంబేడ్కర్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' చదవండి. కాఠియావాడ్‌లో ఒక దళిత టీచరు భార్యకి బాలింత జబ్బు. ఊరి పెద్దల సిఫారసు మీద, రెండు రూపాయల ఫీజుకి డాక్టరు వచ్చాడు, వాడలోకి మాత్రం రానన్నాడు. బాలింతనే బయటికి తేవాల్సి వచ్చింది. థర్మామీటరు ఒక ముస్లిం చేతికిచ్చాడు, ఆయన టీచరుకి, టీచరు భార్యకి. న్యుమోనియా అని తేల్చాడు. ఆమె చనిపోయింది. ఆ భర్త రాసిన ఉత్తరం 1929 డిసెంబరు 12న 'యంగ్ ఇండియా'లో అచ్చయింది.

ఇవాళ ముట్టుకుంటున్నారు, నిజమే. రాసేటప్పుడు మాత్రం చేయి ముడుచుకుంటది. సిఫారసు కూడా ఎక్కడికీ పోలేదు. పథకం కాదన్నాక ముఖ్యమంత్రి సహాయ నిధి అంటారు, దానికి ఎమ్మెల్యే ఉత్తరం. హక్కుగా రావాల్సిన వైద్యానికి గడప ముందు చెప్పులిప్పి నిలబడాలి. చాపకూడు పెట్టిన పల్నాడు కదా మనది!

డాక్టర్లకి తీరిక లేదనే మాట నేనొప్పుకోను. కత్తి పట్టడం ఎంత వైద్యమో, ఆ కత్తి ఎందుకో రాయడం అంత వైద్యం. తెలుగులో కుదరదనే మాట అసలే ఒప్పుకోను. వైద్యం చేయించాం అని ముఖ్యమంత్రి ఫొటోతో ఉత్తరాలు తెలుగులోనే వచ్చాయి. కృతజ్ఞత అడిగేటప్పుడు వచ్చిన భాష, కారణం చెప్పేటప్పుడు ఎక్కడికి పోద్ది?

మనకోసం పంపే ప్రతి ఉత్తరం నకలు మన చేతికి రావాలి. తిప్పి పంపితే కారణం కాగితం మీద, తెలుగులో ఇవ్వాలి. మాచవరం, పిడుగురాళ్ల, గురజాల వైపు ఎవరి కాగితం తిరిగొచ్చినా ఫొటో తీసి నాకు పంపండి. పేర్లు కొట్టేసి, ఆ లైన్లు ఉన్నవున్నట్టు వచ్చే భాగంలో పెడతా.