తలుపు తీశారు, తాళంచెవి ఇవ్వలేదు

లినక్స్‌తో ఎన్విడియా తగవు పాతదే. 2012లో ఫిన్లాండ్‌లో లినస్ టోర్వాల్డ్స్ ఆ సంస్థను బహిరంగంగానే దుయ్యబట్టారు. పదేళ్ల తర్వాత, 2022 మేలో, ఎన్విడియా తన గ్రాఫిక్స్ డ్రైవర్‌లో కెర్నెల్‌కు చెందిన భాగం సోర్స్ కోడ్‌ను బయటపెట్టింది. అయితే అది ట్యూరింగ్, ఆ తర్వాతి తరాల చిప్‌లకే పనికొస్తుంది. ఫర్మ్‌వేర్, క్యూడా ఇంకా కంపెనీ గుప్పిట్లోనే ఉన్నాయి.

ఇది మనకూ సంబంధించిన విషయమే. కేంద్రం 2024 మార్చిలో సుమారు రూ.10,372 కోట్లతో ఇండియా ఏఐ మిషన్‌ను ఆమోదించింది. పదివేలకు పైగా జీపీయూలను అందుబాటులోకి తేవడం అందులో ఒక లక్ష్యం. ప్రజాధనం ఊతంతో రాసే ప్రోగ్రాములన్నీ క్యూడాకే కట్టుబడితే, రేపు మరో కంపెనీ చిప్ చౌకగా దొరికినా మారడం కష్టం. అందుకే టెండర్లలో చిప్ ధర ఒక్కటే చూస్తే చాలదు; దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ ఎవరి చేతిలో ఉందో కూడా చూడాలి.