ఆటలో గెలుపు, దేశమునకు గెలుపు

ఆట ఆటగానే ఉండవలెనని పెద్దలు చెప్పుచుందురు. మేమును ఆ మాటను చాలకాలము మారుపలుకక నమ్మితిమి. కాని 1969వ సంవత్సరము మార్చి నెలలో స్వీడన్ రాజధానియగు స్టాక్‌హోమ్ నగరమున జరిగిన ప్రపంచ ఐస్ హాకీ పోటీల కథ చదివిన పిమ్మట, ఆ మాటను మరల ఒకమారు తరచి చూడవలెనని మాకు తోచినది. ఆ ఆలోచననే తోడి విద్యార్థుల ముందుంచుచున్నాము.

మైదానముపై ఆడు హాకీ మనమెల్లరము ఎరిగినదే. ఐస్ హాకీ దానికి దాయాది వంటిది. గడ్డకట్టిన మంచుపై, ఉక్కు అంచులు గల బూట్లు తొడిగి, గోల్ కీపరుతో కూడి పక్షమునకు ఆరుగురు ఆడుదురు. బంతికి బదులు గట్టి రబ్బరు బిళ్ళ యుండును. దానిని పక్ అందురు. ఇరువదేసి నిమిషముల చొప్పున మూడు భాగములుగా ఆట సాగును. ఎదుటివానిని భుజముతో త్రోయుటయు నియమమునకు లోబడినదే. అనగా ఇది మెత్తనివారి ఆట కాదు.

1969 పోటీలు మొదట చెకోస్లోవేకియా రాజధానియగు ప్రేగ్ నగరమున జరుగవలసియుండెను. అవి స్టాక్‌హోమ్‌నకు తరలుటకు కారణము గొప్పది. 1968 జనవరిలో అలెగ్జాండర్ డూబ్‌చెక్ ఆ దేశపు కమ్యూనిస్టు పార్టీకి నాయకుడై, పత్రికలకు స్వేచ్ఛ నిచ్చి, మానవత్వము గల సోషలిజమును నిర్మింపబూనెను. అది సోవియట్ నాయకులకు రుచింపలేదు. ఆగస్టు 20వ తేది రాత్రి సోవియట్ యూనియన్ సైన్యములును, దాని మిత్రరాజ్యముల సైన్యములును ట్యాంకులతో ఆ దేశమున ప్రవేశించెను. 1969 జనవరి 16న యాన్ పలాఖ్ అను ఇరువదేండ్ల విద్యార్థి, తన జాతి ఆ పరాధీనతకు అలవాటుపడిపోవుచున్నదను వేదనతో, ప్రేగ్ నడిబొడ్డున తన దేహమునకు నిప్పంటించుకొని, మూడు దినములకు మరణించెను. ఇది జరిగిన రెండు నెలలకు ఆక్రమించిన దేశపు జట్టును, ఆక్రమింపబడిన దేశపు జట్టును మంచుపై ఎదురెదురుగా నిలిచినవి.

ఆ యేడు ఆరు జట్లు పాల్గొనెను. ప్రతి జట్టును తక్కిన ఐదింటితో రెండేసిమార్లు ఆడవలెను. సోవియట్ జట్టు 1963 నుండి ఏటేట ప్రపంచ విజేతగా నిలుచుచుండెను. అనతోలి తరాసొవ్ వంటి మహాశిక్షకుడు తీర్చిదిద్దిన ఆ జట్టును ఓడించుట సామాన్యుల పని కాదు. అయినను మార్చి 21న చెకోస్లోవేకియా 2–0 తో గెలిచెను. యాన్ సుఖీ, యోసెఫ్ చెర్నీ చెరియొక గోల్ చేసిరి. వ్లాదిమీర్ జురిల్లా గోలు కడ గోడవలె నిలిచెను. కొందరు ఆటగాండ్రు తమ చొక్కాపై సింహపు గుర్తులో నున్న ఎర్రనక్షత్రమును నల్లపట్టీతో కప్పివేసిరి. ఆట ముగిసిన పిదప వారు సోవియట్ ఆటగాండ్రతో చేయి కలుపలేదు. మార్చి 28న రెండవ ఆటను గూడ వారే 4–3 తో గెలిచిరి.

ఆ రాత్రి చెకోస్లోవేకియా అంతట సుమారు 5 లక్షల మంది వీధులలోనికి వచ్చిరని చెప్పుదురు. సంబరము కొంతసేపటికి ఆగ్రహముగా మారెను. ప్రేగ్‌లోని సోవియట్ విమానసంస్థ కార్యాలయము ధ్వంసమయ్యెను. కొన్ని పట్టణములలో సోవియట్ సైనికుల నివాసములపై రాళ్ళు పడెను. ఆ విమానసంస్థ కార్యాలయము ముందర రాళ్ళకుప్ప ముందుగనే సిద్ధముగా నుండెననియు, అది రహస్య పోలీసుల పన్నుగడ యనియు అనేకులు తరువాత వ్రాసిరి. ఏది యెట్లున్నను పాలకులు కోరిన సాకు వారికి దొరకెను. సోవియట్ రక్షణ మంత్రి ప్రేగ్‌లో దిగెను; పత్రికలపై ఆంక్షలు బిగిసెను; ఏప్రిల్ 17న డూబ్‌చెక్ పదవి పోయి, ఆ స్థానమున గుస్తావ్ హుసాక్ కూర్చుండెను.

పోటీల ఫలితమును చిత్రమైనదే. చెకోస్లోవేకియా సోవియట్ జట్టును రెండుమార్లు ఓడించెను. స్వీడన్ చెకోస్లోవేకియాను రెండుమార్లు ఓడించెను. సోవియట్ జట్టు స్వీడన్‌ను రెండుమార్లు ఓడించెను. మూడు జట్లకును 16 పాయింట్లే. గోల్స్ లెక్క చూడగా సోవియట్ జట్టు ప్రథమ, స్వీడన్ ద్వితీయ, చెకోస్లోవేకియా తృతీయ స్థానములు పొందెను. ఆ దేశపు ప్రజలు మాత్రము ఆ మూడవ స్థానమును తలంచుకొని దుఃఖించినట్లు కానరాదు.

ఇక మా అభిప్రాయము చెప్పెదము. ఆటలోనికి రాజకీయమును తెచ్చుట తప్పని కొందరందురు. తెచ్చినవారెవరు? ఆ దేశపు జట్టు 1947లోను, 1949లోను ప్రపంచ విజేతయై యుండగా, 1950లో ఆ దేశపు ప్రభుత్వమే తన ఆటగాండ్రను లండన్ పోటీలకు వెళ్ళనీయక నిర్బంధించి, దేశద్రోహులని ముద్రవేసి కారాగారమునకు పంపెను. గోల్ కీపరు బొహుమిల్ మోద్రీకి 15 ఏండ్ల శిక్ష విధింపబడెను. ఆటగాని చొక్కాపై నక్షత్రమును కుట్టినవారు రాజకీయమును తెచ్చినవారు కారా? దానిని పట్టీతో కప్పినవారు మాత్రమే దోషులగుదురా? పత్రికలో వ్రాయరాదు, సభలో పలుకరాదు అని నోళ్ళు కట్టివేసినప్పుడు, జనుల మాట ఆటస్థలము నుండి వెలువడుట వింత కాదు. తక్కిన తలుపులన్నియు మూసినవారికి, తెరచియున్న ఒక్క కిటికీని నిందించు అధికారము లేదు.

అయినను రెండవ మాట గూడ చెప్పక తప్పదు. మంచుపై ఆడిన సోవియట్ యువకులు ట్యాంకులను నడిపినవారు కారు. వారును చిన్ననాటి నుండి చెమటోడ్చి ఆట నేర్చినవారే. గెలిచినను ఓడినను ఎదుటివానితో చేయి కలుపవలెనని మన ఉపాధ్యాయులు మనకు నేర్పిరి. ఆనాడు ఆ చేయి చాపలేకపోయిన వారిని తప్పుపట్టుటకు మాకు నోరు రాదు; కాని ఆ నియమమే తప్పని మేము అనజాలము. గోల్ ఎన్ని చేసినను ఒక్క ట్యాంకైనను కదలలేదు. వీధిలో విసరిన రాయి శత్రువునకే ఆయుధమయ్యెను. కావున ఆటలో గెలుపు దేశమునకు ధైర్యము కావచ్చును గాని, స్వాతంత్ర్యమునకు బదులు కానేరదని మా తలంపు.

వేరు భాషలవారి నడుమ నివసించుచు తెలుగున చదువుకొను మా వంటివారిని ఆకర్షించిన విషయము మరియొకటి కలదు. ఆ జట్టుకు నాయకుడగు యోజెఫ్ గొలొంక, గోల్ కీపరు జురిల్లా స్లొవాకులు. సుఖీ, చెర్నీ చెక్కులు. భాషలు రెండు, జట్టు ఒకటి. ఆ రెండు జాతులును 1993లో రక్తపాతము లేకయే వేర్వేరు దేశములైనవి. అయినను 1969 నాటి గెలుపు ఎవరిదని వారిలో ఎవరును పంచుకొనబూనలేదు.

ఈ కథకు ఉత్తరభాగము జపాను దేశమున జరిగెను. 1998 ఫిబ్రవరిలో నగానో ఒలింపిక్ క్రీడల అంతిమపోటీలో చెక్ జట్టు రష్యాను 1–0 తో గెలిచెను. ఆ జట్టులోని యరొమీర్ యాగర్ తన చొక్కాపై ధరించిన 68 అను అంకె 1968వ సంవత్సరమునకు గురుతు. కాని అప్పటికి సోవియట్ సైన్యము ఆ దేశమును విడిచి ఆరేండ్లు దాటినది. పత్రికలు స్వేచ్ఛగా వెలువడుచుండెను. ప్రేగ్ వీధులలో జనము నిండిరి, పాడిరి, ఇండ్లకు మరలిరి. తక్కిన తలుపులన్నియు తెరచియుండుట చేత, ఆనాటి ఆట ఆటగానే ముగిసినది.

పెద్దలు చెప్పిన మాట అబద్ధము కాదు. ఆట ఆటగానే ఉండవలెను. అయితే అట్లుండవలెనన్నచో, మనుష్యులకు తమ మనసులోని మాట చెప్పుకొనుటకు ఆటస్థలము గాక వేరు చోట్లు గూడ ఉండవలెను. సోదర విద్యార్థులారా! రాబోవు పోటీలలో ఎదుటి పాఠశాలవారి భాషను, ఊరిని ఎగతాళి చేయు కేకలు మన పక్షము నుండి వినబడకుండ చూచుకొందము. ఆట ముగియగానే ముందుగా చేయి చాచువారము మనమే కావలెనని మా కోరిక.