ఆగిపోని దానమే సదఖా జారియా

వేసవి సమీపించగానే మన దాతృత్వం నీటి వైపు మళ్లుతుంది. మస్జిదుల ముందు చలివేంద్రాలు వెలుస్తాయి. గతించిన తల్లిదండ్రుల పేరిట పల్లెల్లో బోర్లు వేయించేందుకు దాతలు ముందుకు వస్తారు. ఇది మనకు వారసత్వంగా వచ్చిన సద్గుణం. మరణించిన తల్లి తరఫున ఏ దానం శ్రేష్ఠమని హజ్రత్ సఅద్ బిన్ ఉబాదా (రజి) అడిగినప్పుడు దైవప్రవక్త (స) నీటినే సూచించారు. హజ్రత్ ఉస్మాన్ (రజి) మదీనాలోని రూమా బావిని సొంత ధనంతో కొని ప్రజలకు విడిచిపెట్టారు.

అయితే, నీరు పడినంత మాత్రాన దానం పూర్తయినట్లేనా? మన దేశంలో ఫ్లోరోసిస్ వ్యాధిని 1937లో తొలిసారి గుర్తించింది నాటి నెల్లూరు జిల్లాలో. ఆ ప్రాంతం తరువాత ప్రకాశం జిల్లాలో చేరింది. నల్లగొండ పల్లెల్లో వంగిన నడుములను, గారపట్టిన పళ్లను చూడనివారు అరుదు. లీటరు తాగునీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు మించరాదు. దానికి రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు, మరిగించినా పోదు. రాతిపొరల నుండి నీటిలో కలిసేది కనుక, మరింత లోతుకు తవ్వితే మంచినీరు పడుతుందన్న భరోసా కూడా లేదు. పరీక్షించని నీటిని పసిబిడ్డలకు తాగించడం, సంకల్పం ఎంత మంచిదైనా, దానమనిపించుకోదు.

రెండవది నిర్వహణ. చిన్న వాషరు అరిగి చేతిపంపు మూలపడితే, శిలాఫలకం మీద దాత పేరు మిగులుతుంది కాని బిందెలో నీరు మిగలదు. జారియా అంటేనే నిరంతరం సాగేది. మూలధనాన్ని నిలిపి, దాని రాబడితో సేవను నడిపించడమే వక్ఫ్ మనకు నేర్పిన పద్ధతి. పది బోర్లకు సరిపడే సొమ్ముతో ఏడు వేసి, మిగిలినది పరీక్షలకు, మరమ్మతులకు కేటాయించడం మేలు. ఆ బాధ్యతను ఊరి స్త్రీలకు అప్పగిస్తే మరీ మేలు. నీటి బరువు మోసేది వారే.

ఆ నీరు ఊరందరిదీ కావాలి. దప్పిగొన్న కుక్కకు నీరు తాపిన మనిషిని అల్లాహ్ క్షమించాడని హదీసు చెబుతుండగా, దప్పికకు కులమతాలు అంటగట్టే అధికారం మనకెక్కడిది?

చివరిగా, దానం హక్కుకు ప్రత్యామ్నాయం కాదు. రాజ్యాంగంలోని 21వ అధికరణం హామీ ఇచ్చిన జీవించే హక్కులో తాగునీరు భాగం. 2019లో ప్రారంభమైన జల్ జీవన్ మిషన్ ప్రతి గ్రామీణ కుటుంబానికి మనిషికి రోజుకు 55 లీటర్ల నీటిని కుళాయి ద్వారా అందిస్తామన్నది. మన వాడకు ఆ కుళాయి వచ్చిందా, ఆ నీటిని పరీక్షించారా అని గ్రామసభలో అడగాలి. ఒక చేత్తో దానం చేద్దాం. మరో చేత్తో అర్జీ పెడదాం.