యెడమచేతికి జాయ్‌స్టిక్

"మా నాన్నగారికి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పట్టు తప్పింది. కంప్యూటరు మీద విమానం నడపడమంటే ఆయనకు ప్రాణం. కీబోర్డుతో కుదరక విసిగి మానేశారు. యెటువంటి జాయ్‌స్టిక్ కొనమంటారు?" అని సికింద్రాబాదు నుంచి ఒక సోదరి రాశారు.

అమ్మా, కొట్టుకి వెళ్ళగానే బొత్తాలు లెక్కపెట్టకండి. ముందు పిడి చూడండి. చాలావాటి పిడి కుడిచేతి వాటానికే మలిచి వుంటుంది. రెండు చేతులకీ పనికివచ్చేవీ లేకపోలేదు. థ్రస్ట్‌మాస్టర్ వారి టి.16000ఎం పిడికి కొన్ని ముక్కలు మార్చి యెడమచేతికి అమర్చుకోవచ్చు.

తరవాత లోపలి సంగతి అడగండి. పాత రేడియోలో వాల్యూం తిప్పితే గరగరమనడం మీకు గుర్తుండే వుంటుంది. చవక జాయ్‌స్టిక్‌లలో వుండేదీ ఆ జాతి పరికరమే. రాపిడికి అరిగిపోతే, చెయ్యి కదపకపోయినా విమానం వులిక్కిపడుతుంది. 1879లో ఎడ్విన్ హాల్ కనిపెట్టిన సూత్రంమీద పనిచేసే రకంలో అయస్కాంతం దేన్నీ తాకదు, అంచేత అరుగుదల లేదు. పైన చెప్పినదాని కర్ర ఆ రకమే.

నిజం విమానంలో చుక్కానిని కాళ్ళతో నడుపుతారు. నాన్నగారి కాలి సంగతి మీరు రాయలేదు. కనుక పిడిని మెలితిప్పితే చుక్కాని తిరిగే రకమే తీసుకోండి. థ్రాటిల్ కూడా పీఠంమీదే వుండాలి. పీఠం బల్లమీద జారకూడదు. రెండో చేత్తో అదిమిపట్టే వీలు లేదు కదా!

మరి కర్ర వదిలి థ్రాటిల్ అందుకోవడం యెలా? అందుకు ట్రిమ్ వుంది. నిజం సెస్నాలో ట్రిమ్ చక్రం తిప్పుతుంటే చేతిమీది బరువు తేలికవుతుంది. స్ప్రింగు కర్రకి ఆ తెలివి లేదు, వదిలితే మధ్యకే వస్తుంది. అందుకని ట్రిమ్ కొద్దికొద్దిగా మారుస్తూ, కర్రని నెమ్మదిగా మధ్యకి రానివ్వాలి. ఆ తరవాత కాసేపు చెయ్యి తీసినా ఫరవాలేదు. పిడిమీది రెండు బొత్తాలు ఈ పనికే కేటాయించండి.

సెస్నా చేతికి అలవాటయ్యాక ఎయిర్‌బస్ ఎ320 ఎక్కించండి. 1988లో ప్రయాణికులను మొయ్యడం మొదలుపెట్టిన ఆ విమానంలో పెద్ద చక్రం లేదు, పక్కన చిన్న కర్ర వుంటుంది. కెప్టెన్ కూర్చునేది యెడమ సీటులో. ఆయన ఆ కర్రని పట్టేది యెడమచేత్తోనే.