గర్భసంచి ఆపరేషన్‌కి అప్పు అడిగే ముందు

సంఘం అక్కచెల్లెళ్లకు, వాళ్ల ఇళ్లలోని మగవాళ్లకు,

మన గ్రామైక్య సంఘం తీర్మానాల పుస్తకం తిరగేయండి. గేదెలకీ, కుట్టుమిషన్లకీ, పిల్లల ఫీజులకీ ఇచ్చిన అప్పుల మధ్య 'ఆపరేషన్ ఖర్చు' అన్న మాట పదేపదే తగులుతుంది. ఏ ఆపరేషనో రాయరు. అందరికీ తెలుసు కాబట్టి. మొన్న అదే పనికి అప్పు అడిగిన అమ్మాయికి 29 ఏళ్లు. అధ్యక్షురాలిగా సంతకం పెట్టాల్సింది నేను. పెట్టలేదు. అందుకు నా మీద కోపంగా ఉన్నవాళ్లే ముందు ఇది చదవాలి.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క చూడండి. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.3 శాతం. తెలంగాణలో 8.2, ఆంధ్రప్రదేశ్‌లో 8.7. మనకొక్కళ్లకే సంచులు ఇంతగా పాడవుతున్నాయా?

ఆ అమ్మాయికి 17కే పెళ్లి. 21 నిండేసరికి ఇద్దరు పిల్లలు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ కూడా. తర్వాత తెల్లబట్ట, నడుంనొప్పి. మొగుడు దగ్గరికొస్తే మంట. ఆ మాట సిగ్గుతో ఎవరికీ చెప్పలేదు. పట్నంలో స్కానింగ్ తీసి "సంచి వాచింది, పుండు పడింది, వదిలేస్తే క్యాన్సర్" అన్నారు. "పిల్లలు పుట్టేశారుగా, ఇంకెందుకే అది" అంది అత్తగారు. అంతే, తేలిపోయింది! 29 ఏళ్లకే.

తెల్లబట్ట చాలావరకు ఇన్ఫెక్షన్. మాత్రలతో తగ్గుతుంది. కొన్ని రకాలకు భార్యాభర్తలిద్దరూ మందు వాడాలి, లేకపోతే తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తుంది. "మా ఆయన ఆసుపత్రికి రాడు" అంటారు. ఆపరేషన్ కాగితం మీద సంతకానికి వస్తాడే, మాత్ర మింగడానికి రాడా? ఇక పుండు అన్నదల్లా క్యాన్సర్ కాదు. అంత భయముంటే 30 దాటినవాళ్లకు ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా పరీక్ష చేస్తారు. గర్భాశయ ముఖద్వారానికి మందు పూసి చూస్తారు, నిమిషాల్లో అయిపోతుంది. నెలసరి ఎక్కువైతే దానికీ ముందు మందులున్నాయి. నిజంగా క్యాన్సరే ఉన్నా, పెద్ద గడ్డలున్నా, మందులకు లొంగని రక్తస్రావమున్నా ఆపరేషన్ అవసరం పడొచ్చు. వాళ్ల అప్పుకు నేను అడ్డు రాను.

సంచితోపాటు అండాశయాలు కూడా తీసేశారంటే ముట్లుడిగే దశ ఒక్కసారిగా మీద పడుతుంది. ఒంట్లో ఆవిర్లు, నిద్రలేమి, గుల్లబారే ఎముకలు. లోపల పొడిబారి కలయిక నరకమవుతుంది, కోరికా తగ్గుతుంది. అప్పుడు "దీనికి నా మీద ప్రేమ లేదు" అని అరుగు మీద కూర్చుని చెప్పుకునే మగవాళ్లను నేనెరుగుదును. అండాశయాలు ఉంచుతారా, తీస్తారా అని ముందు ఒక్కరైనా అడిగారా?

అనవసరపు ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను మూడు నెలల్లో అమల్లో పెట్టాలని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పింది. కోర్టు మన గడపలోకి వచ్చి రిపోర్టు చదవదు. మనమే చదివించుకోవాలి.

అందుకే వచ్చే సమావేశంలో ఈ తీర్మానం పెడుతున్నాను. 40 లోపు వాళ్లెవరైనా ఈ ఆపరేషన్‌కి అప్పు అడిగితే, ప్రాణం మీదికొస్తే తప్ప, ప్రభుత్వాసుపత్రిలో రెండో డాక్టరు రాసిన కాగితం జత చేయాలి. ఒంటరిగా వెళ్లడానికి బెరుకైతే నేనూ, ఆశా కార్యకర్తా తోడొస్తాం. బస్సు ఛార్జీలు సంఘానివే. స్కానింగ్ కవర్లు బీరువాలో దాచకుండా సమావేశానికి తెచ్చుకోండి.