ఒక మార్కు జవాబు మన పక్కనే ఉంది



దేశంలో అతి పెద్ద టైగర్ రిజర్వు ఏదని అడిగితే మన పిల్లలు టక్కున "నాగార్జునసాగర్-శ్రీశైలం" అంటారు. ఒక మార్కు వస్తుంది. మాచర్ల దాటి సాగర్ వైపు వెళ్తే కనిపించే కొండలు ఆ అడవిలోవేనని వాళ్లకు మనం చెప్పామా?

1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చిన ఈ కృష్ణా లోయలో పులులతోపాటు చిరుతలు, ఎలుగుబంట్లు, దుప్పులు ఉన్నాయి. చంద్రవంక దూకే ఎత్తిపోతల మడుగులో మొసళ్లు ఉన్నాయి.

పులి ఉంటే మనకేమిటి అనుకోవద్దు. అడవి మట్టిని పట్టి ఉంచుతుంది. చెట్లు పోతే ఆ మట్టి వానకు కొట్టుకొచ్చి రిజర్వాయర్‌లో చేరుతుంది. మొదట్లో 408 టీఎంసీలు పట్టిన సాగర్‌లో, ఏళ్ల తరబడి పూడిక పేరుకుని, ఇప్పుడు పట్టేది 312 టీఎంసీలే. నరసరావుపేట చేలకూ, మన కుళాయిలకూ వచ్చేది ఆ సాగర్ కుడి కాలువ నీరే.

మరి సెలవు రోజున ఎత్తిపోతలకు వెళ్లి మనం చేసేదేమిటి? కోతులకు చిప్స్ వేస్తాం. ప్లేట్లూ సీసాలూ అక్కడే పడేస్తాం. కారులో పాటలు హోరెత్తిస్తాం. పక్కన నిలబడి పిల్లలు అన్నీ చూస్తుంటారు, మన దగ్గరే నేర్చుకుంటారు.

ఈసారి స్టీలు డబ్బాలో పులిహోర, ఇంటి నుంచే మంచినీళ్లు తీసుకెళ్దాం. మన చెత్తను మనమే తిరిగి తెచ్చుకుందాం. అడవి దారిలో కారు నెమ్మదిగా నడుపుదాం. ఇంటికొచ్చాక "ఏ పిట్టను చూశావు, ఏ చెట్టును చూశావు?" అని పిల్లల్ని అడుగుదాం. వాళ్లు చెప్పేది ఓపిగ్గా విందాం. ఆ ఒక్క మార్కు జవాబు పరీక్ష అయిపోయాక కూడా వాళ్లకు గుర్తుంటుంది.